విశ్వాసం ఎక్కువ, ఖర్చు తక్కువ

ఫిబ్రవరి 11, మంగళవారం

తొమ్మిది వేల నాలుగు వందల వోన్. పొద్దుటి నుంచి ఆ అంకె కళ్ల ముందు నుంచి కదలడం లేదు. కిందటేడు మా సోల్‌హ్యోన్ తాడు పండుగకు వచ్చిన మనిషి సగటున పెట్టిన ఖర్చు అది. ప్రావిన్సు మొత్తంలో మాదే ఆఖరు. వెల్లుల్లి పండుగ వాళ్లు కూడా మాకంటే నయమట. వెల్లుల్లి!

దాని పక్కనే ఇంకో అంకె ఉంది. ‘మళ్లీ వస్తాం’ అన్నవాళ్లు నూటికి తొంభై ఒక్కరు. అందులో మాదే మొదటి స్థానం. మా కౌంటీ ఆఫీసు సెక్షన్ హెడ్ నమ్‌గుంగ్ ఆ కాగితాన్ని చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు.

“ఏమోయ్ టాక్! మళ్లీ వస్తారట. ఎందుకూ? మళ్లీ వచ్చి మళ్లీ ఏమీ కొనకుండా పోవడానికా?”

ఈ ఏడు తలకి ఇరవై వేలు దాటకపోతే ‘ఉత్తమ పండుగ’ హోదా పోతుంది, గ్రాంటు పోతుంది. దాటితే టీమ్ లీడర్ కుర్చీ నాది. పదకొండేళ్లుగా ఆ కుర్చీ పక్కన నిలబడి ఫైళ్లు అందిస్తున్నాను. కుర్చీ మీద నాకేం ఆశ లేదు. పండుగ నిలబడాలి, అంతే.

ఫిబ్రవరి 20

సియోల్ నుంచి సలహాదారు వచ్చింది. పేరు మోక్, డాక్టరేటు చేసిన మనిషి. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఖర్చు పెట్టరు, ఖర్చు పెట్టేవాళ్లు మళ్లీ రారు. ఈ ముక్క చెప్పడానికి ఆవిడకు నలభై రెండు స్లైడ్లు పట్టాయి.

చివర్లో తెర మీద నాలుగు గళ్లు గీసింది. ఒక గడి మీద ‘విశ్వాసం ఎక్కువ, ఖర్చు తక్కువ’ అని ఉంది. అందులో ఉదాహరణకని ఒక ఫొటో. చూస్తే మా ప్యో అవ్వ! నోటి నిండా గింబాప్ అన్నపు చుట్టలు కుక్కుకుని నవ్వుతోంది.

ప్యో అవ్వది దేగు నగరంలో చేపల దుకాణం. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లో నలభై నాలుగు మంది ముసలమ్మలను బస్సులో వేసుకుని వస్తుంది. గింబాప్ వాళ్లదే, ఫ్లాస్కులో పులుసు వాళ్లదే, మక్కొల్లి బియ్యపు కల్లు సీసాలు వాళ్లవే, కూర్చునే చాప కూడా వాళ్లదే. గొంతులు బొంగురు పోయేదాకా అరుస్తూ తాడు లాగుతారు. అయిపోయాక ఆ తాడులోంచి, ఇంటికి మంచిదని, గుప్పెడు గడ్డి పీక్కుని పోతారు. మా ఊళ్లో వాళ్లు పెట్టే ఖర్చల్లా మిషన్ కాఫీ. అది కూడా ఇద్దరికి ఒకటి.

“వీళ్లను తీసేస్తే సగటు దానంతటదే పెరుగుతుంది సార్,” అంది మోక్.

“తీసేయడమంటే?” అన్నాను.

“తీసేయడం అనకూడదండీ. రాకను క్రమబద్ధం చేయడం అనాలి.”

ఎంత మర్యాదైన మాట! నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఫిబ్రవరి 27

కొత్త నిబంధనలు బయటికెళ్లాయి. బస్సు పార్కింగుకు యాభై వేలు. బయటి తిండి నిషేధం. తాడు పట్టుకోవాలంటే పదివేలు పెట్టి చేతిపట్టీ కొనాలి. తాడు గడ్డికి రిబ్బను కట్టి ‘అదృష్టపు గడ్డి’ అని పేరుపెట్టి, ప్యాకెట్టు పదిహేను వేలకు అమ్ముతాం. అన్నీ నా చేత్తో రాసినవే. రిబ్బను రంగు కూడా నేనే ఎంచాను.

ఇదంతా పండుగ కోసం.

మార్చి 4

ప్యో అవ్వ ఫోన్. ఏటా ఈ రోజుల్లోనే చేస్తుంది.

“టాక్ నాయనా, బాగున్నావా? ఈసారి తాడు ఎప్పుడు? మా వాళ్లు అప్పుడే మోకాళ్లకు పట్టీలు కొనేసుకున్నారు.”

తారీఖు చెప్పాను. తర్వాత గొంతు సవరించుకుని నిబంధనలు చదివాను.

“అంటే... తాడు లాగడానికి మేమే డబ్బులివ్వాలా?”

“అనుభవ రుసుము అవ్వా.”

“నా చెయ్యి నొప్పి పుట్టించుకోవడానికి నీకు పదివేలా? ఇంకా నయం, అరిచినందుకు వేరే రేటు పెట్టలేదు! గింబాప్ తెచ్చుకోకూడదా?”

“లోపల స్టాళ్లుంటాయి. ప్లేటు పన్నెండు వేలు.”

“అన్నంలో బంగారం చుడతారా ఏం?”

రాకను క్రమబద్ధం చేస్తున్నామని మర్యాదగానే చెప్పాను. ఆవిడ, “సూటిగా రావద్దని చెప్పడానికి నోరు రాలేదు కదూ, పాపం,” అని పెట్టేసింది.

మార్చి 5

ఫోన్ పెట్టేసింది ఆవిడే. నేను కాదు.

మార్చి 20

మామగారింటి వెనక తాడు పేనుతున్నారు. మామగారు ఛే ఇన్‌బోక్, తూర్పు జట్టు నాయకుడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఓడిపోవడం.

తూర్పుది మగతాడు, పడమరది ఆడతాడు. రెండింటినీ దుంగతో కలిపి లాగుతారు. పడమర గెలిస్తేనే ఆ ఏడు వరి పండుతుంది. అందుకని తూర్పు వాళ్లు అరగంట సేపు ప్రాణాలొడ్డి లాగినట్టు లాగి, మామగారు నీలం జెండా దించగానే కాళ్లు సడలించేస్తారు. ఇది ఏ కాగితం మీదా ఉండదు. ఇక్కడ పుట్టినవాడికి తల్లిపాలతో వచ్చేస్తుంది.

“ఓడిపోవడం తేలికనుకున్నావా అల్లుడూ?” అన్నాడు మామగారు, గడ్డి మెలి తిప్పుతూ. “గెలవడం ఎద్దుకైనా వస్తుంది. చూసేవాడికి తెలీకుండా ఓడాలి. దానికి ఎదుటివాళ్లు గట్టిగా లాగాలి. దేగు అవ్వలు వస్తున్నారుగా? వాళ్ల అరుపు వింటే ఓడిపోవడానికి కూడా ఉషారొస్తుంది.”

చూద్దాం మామయ్యా అన్నాను. నా భార్య ఓక్‌రాన్ నా మొహం వంక చూసి పళ్లెం విసురుగా పెట్టింది.

ఏప్రిల్ 2

ప్యో అవ్వ బస్సు ఒక్కటే కాదు. ఏటా వచ్చే ఇరవై ఆరు బస్సులూ రావడం లేదు. ఆ ముసలమ్మలందరికీ ఒకరికొకరు తెలుసట. ఒకరికి చెబితే ఇరవై ఆరు బస్సులకు చెప్పినట్టేనట. ఇది మోక్ నలభై రెండు స్లైడ్లలో ఎక్కడా లేదు.

తాడు కదలాలంటే ఎనిమిది వందల మంది కావాలి. చేతిపట్టీలు కొన్నవాళ్లు అరవై ముగ్గురు.

నమ్‌గుంగ్ మాత్రం చలించలేదు. “కూలికి పెట్టుకుందాం. వ్యాయామ కళాశాల పిల్లలు నాలుగు వందల మంది. డబ్బు రూపంలో కాదు, కూపన్లు ఇద్దాం. ఆ కూపన్లు మన స్టాళ్లలోనే ఖర్చు పెడతారు. అది సందర్శకుల ఖర్చే కదటోయ్!”

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. కానీ లెక్క ప్రకారం తప్పేం లేదు.

పిల్లలను తూర్పు వైపు పెట్టాం. పడమర వైపు మా ఆఫీసు వాళ్లు, బ్యాంకు వాళ్లు, ఊరి ఆడవాళ్లు. గెలిచిన జట్టుకు మనిషికి ఇంకో యాభై వేల కూపన్ అని ప్రకటించాలంది మోక్, పోటీ ఉంటేనే ఉత్సాహమట. సరేనన్నాను. గెలిచేది ఎలాగూ పడమర. కూపన్లు మా ఆఫీసు వాళ్లకే వస్తాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏప్రిల్ 8

విద్యార్థులకు సూచనల పుస్తకం పంపాను. పద్నాలుగు పేజీలు. బూట్లు, బీమా, మరుగుదొడ్లు, కూపన్లు, సర్వే ఫారం నింపే విధానం.

“ఆ పిల్లలకు చెప్పావుగా?” అని అడిగాడు మామగారు.

చెప్పానన్నాను. పద్నాలుగు పేజీలు పంపాం కదా.

ఏప్రిల్ 12, శనివారం

మొదటి రోజు. రద్దీ లేదు. ఎంత హాయిగా ఉందో! కిందటేడు అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. ఇవాళ మైదానంలో ఆ చివర నుంచి ఈ చివరకు తిన్నగా చూపు ఆనుతోంది. వచ్చినవాళ్లు నాణ్యమైన సందర్శకులు. ఒకాయన మూడు ప్లేట్లు తిన్నాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఓడిపోలేదు.

తూర్పు ఓడిపోలేదు. మెల్లగా రాసుకోవాలి.

డోలు మోగింది, లాగుడు మొదలైంది. అరగంట సాగాల్సింది. ఆ పిల్లలు మొదటి ఊపుకే పడమర వాళ్లను పది అడుగులు ఈడ్చేశారు. మా బ్యాంకు మేనేజరు బూటు ఒకటి మట్టిలో ఉండిపోయింది. మామగారు కంగారుపడి జెండా అప్పుడే దించేశాడు. తూర్పులో ఉన్న ఊరి మగవాళ్లు టక్కున కాళ్లు సడలించారు. ఆ పిల్లలకేం తెలుసు? ముసలాళ్లు అలిసిపోయారు, మనమే లాగాలి అనుకుని రెట్టించి లాగారు.

“వదలండ్రా! ఓడిపోండి నాయనా! మీకు పుణ్యముంటుంది, ఓడిపోండి!” అని మామగారు తాడు వెంట పరిగెత్తాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, జెండా ఎక్కడో పడిపోయింది, ఒక్కొక్క పిల్లాడి భుజం పట్టి బతిమాలుతున్నాడు. వాళ్లలో ఒకడు, “తాతా, యాభై వేలు!” అని నవ్వుతూ ఇంకా గట్టిగా పట్టాడు.

నాలుగు నిమిషాలు. ఆడతాడు గీత దాటి తూర్పుకు వెళ్లిపోయింది.

పిల్లలు గాల్లోకి ఎగిరి కేకలు పెట్టారు. ఊరివాళ్లు ఒక్కొక్కరే తాడు కింద పెట్టేశారు. మైకు పట్టుకున్నవాడు ఏం చెప్పాలో తెలియక, “కూపన్లు నాలుగో నంబరు గుడారంలో ఇస్తారు,” అన్నాడు.

మామగారు తాడు మీద కూలబడి నా వంక చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 14

వాన.

ఏప్రిల్ 18

సర్వే ఫలితాలు. సందర్శకులు 1,900. తలకి ఖర్చు 31,000. ప్రావిన్సులో మొదటి స్థానం! కౌంటీ అధ్యక్షుడు స్వయంగా ఫోన్ చేశారు. రెండు చేతులతో రిసీవరు పట్టుకుని మూడుసార్లు వంగాను. అవతల ఆయనకు కనపడనని ఎరిగీ వంగాను.

అదృష్టపు గడ్డి మూడు వేల ప్యాకెట్లూ గోదాములోనే ఉన్నాయి. ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ ముట్టుకోవడం లేదు. పశువులకు వేసుకోమని ఒకాయనను అడిగితే, “నా ఆవులు మీకేం పాపం చేశాయి సార్?” అన్నాడు.

మే నెలాఖరుకు తుది నివేదిక వెళ్తుంది. ఆ తర్వాత నా ఆర్డరు.

మే 6

ఎవరూ నాట్లు వేయడం లేదు. నమ్మకాలు ఎవరికీ లేవట, అందరూ చదువుకున్నవాళ్లే. కానీ మొదట పొలంలో దిగేది ఎవరు? నువ్వు దిగు అంటే నువ్వు దిగు అంటున్నారు. ట్రేలలో నారు పసుపు తిరుగుతోంది.

మామగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గంజి తప్ప ఏమీ తీసుకోవడం లేదు.

“ముప్పై ఒక్క ఏళ్లు ఊరి కోసం తలొంచుకుని ఓడిన మనిషండీ,” అంది ఓక్‌రాన్. “ఆయన చేత గెలిపించారు. మీ సగటు తీసుకెళ్లి పక్కన కూర్చుని నోట్లో పెట్టండి, తింటాడేమో చూద్దాం.”

తప్పు నాది. ఇక్కడైనా రాసుకోవాలి కదా: తప్పు నాది.

రైతులు ఆఫీసు ముందు బైఠాయించి మళ్లీ తాడు లాగించమన్నారు. నమ్‌గుంగ్ ఒప్పుకున్నాడు, కానీ పైసా ఇవ్వనన్నాడు. అయినా కూలివాళ్లతో లాగిస్తే ఆ గెలుపు చెల్లదని పెద్దవాళ్లు తేల్చేశారు.

మే 10

దేగు వెళ్లాను.

ప్యో అవ్వ రబ్బరు బూట్లలో నిలబడి కానాగంత చేప పొట్ట చీలుస్తోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

“ఓహో, టాక్ నాయనా! పార్కింగు బాకీ వసూలుకొచ్చావా?”

జరిగింది చెప్పాను. అప్పుడు ఆగింది కత్తి.

“తూర్పు గెలిచిందా? అయ్యో, అయ్యో... మీ మామ తట్టుకున్నాడా?”

“లేదవ్వా.”

అక్కడిదాకా బాగానే ఉన్నాను. తర్వాత అలవాటు ప్రకారం నోరు తిరిగింది. బస్సుల ఖర్చు ఎలాగోలా సర్దుతామని, మనిషికి ఇంత కూపనని మొదలుపెట్టాను. ఆవిడ కత్తిని బల్ల మీద గుచ్చింది.

“డబ్బిస్తే వచ్చేది కూలి మనిషి. పిలిస్తే వచ్చేది చుట్టం. ఇరవై రెండేళ్లలో ఒక్కసారైనా పిలిచావురా నువ్వు? మేమే ఫోన్ చేసి, మేమే తారీఖు కనుక్కుని, సిగ్గు లేకుండా మేమే వచ్చాం.”

చుట్టుపక్కల దుకాణాల వాళ్లు కూడా చూస్తున్నారు.

“మా ఆయన చనిపోయిన ఏడే మొదటిసారి వచ్చాను,” అంది, కొంచెం తగ్గి. “ఇంట్లో ఏడిస్తే పిల్లలు బెంగపడతారు. ఇక్కడ ఏడిస్తే బేరం పోతుంది. మీ ఊళ్లో తాడు పట్టుకుని గొంతు చించుకుని అరిచాను. పక్కామె కూడా అరుస్తోంది. నువ్వెందుకు అరుస్తున్నావని ఎవరూ అడగలేదు. ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా చేపలు కోస్తాను. గడ్డి కోసం వచ్చేదాన్ననుకున్నావా?”

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తెలియజేయడం తప్ప పిలవడం నేనెరగను.

“రండవ్వా,” అన్నాను. “వచ్చే శనివారం. మామయ్య ఓడిపోవాలి. మీరు లేకుండా ఆయన వల్ల కాదు.”

“అదీ, అలా అడుగు.”

వచ్చేటప్పుడు రెండు కానాగంతలు కొన్నాను. పూర్తి ధర తీసుకుంది.

మే 17, శనివారం

ఇరవై ఆరు బస్సులూ వచ్చాయి. నేను పిలిచింది ఒక్కరిని.

స్టాళ్లు లేవు, మైకు లేదు, చేతిపట్టీలు లేవు. చాపలు పరిచారు, గింబాప్ డబ్బాలు తెరిచారు, నా నోట్లో కూడా కుక్కారు. మామగారిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ప్యో అవ్వ మైదానం అవతలి నుంచే, “ఏమయ్యా ఛే, ఒక్కసారి గెలిచేసరికి పొగరెక్కి మంచం దిగడం లేదటగా!” అని అరిచింది. ఆయన మొహంలో నెల రోజుల తర్వాత రక్తం కనిపించింది.

అరగంట కాదు, నలభై నిమిషాలు లాగారు. ఏం ఓడాడు మా మామగారు! జెండా ఎప్పుడు దించాడో పక్కనే ఉన్న నాకే తెలియలేదు. పడమర గెలిచింది. నేను కూడా ఏడుస్తూ అరిచాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

సాయంత్రానికే ముగ్గురు పొలాల్లోకి దిగారు.

మే 19

లెక్క వేశాను. శనివారం బయటి నుంచి వచ్చినవాళ్లు 1,144. ఖర్చు సున్నా, కాఫీ మిషన్ కూడా పెట్టలేదు. ఏప్రిల్‌తో కలిపితే సగటు 19,349. హద్దుకు 651 వోన్ తక్కువ. తలా ఒక చాక్లెట్టో రెండో కొనుక్కున్నా సరిపోయేది.

నమ్‌గుంగ్ తలుపు వేసి కుర్చీ నా దగ్గరికి జరిపాడు. “శనివారం జరిగింది ఊరివాళ్ల సొంత వ్యవహారం. బయటి నుంచి ఎవరూ రాలేదు. అవునా టాక్? ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. పామూ చావదు, కర్రా విరగదు.”

రాశాను. ‘బయటి నుంచి వచ్చినవారు: సున్నా.’

అబద్ధమేం కాదు. చుట్టాలు బయటివాళ్లెలా అవుతారు?

మే 20

అబద్ధమేం కాదు.

జూన్ 2

టీమ్ లీడర్ ఆర్డరు వచ్చింది. కుర్చీ మెత్తగా ఉంది. ఆఫీసు వాళ్లకు పంది మాంసం భోజనం పెట్టాను. ఓక్‌రాన్ అభినందనలు చెప్పింది, వంటింట్లోంచి.

జూన్ 11

వచ్చే ఏడు కార్యక్రమాల ఫైలు నా టేబుల్ మీదకు వచ్చింది. టీమ్ లీడర్‌గా నేను సంతకం పెట్టాల్సిన మొదటి పెద్ద ఫైలు.

మూడో పేజీ: ‘తాడు లాగుడు. మొదటిసారి లాగినవారిలో అత్యధికులు కూపన్లపై వచ్చినవారు. రెండోసారికి బయటి నుంచి వచ్చినవారు సున్నా. ఆకర్షణ లేదు. సిఫార్సు: రద్దు చేసి, దాని స్థానంలో లేజర్ దీపాల ప్రదర్శన.’ ఆధారంగా ఒక కాగితం జతచేసి ఉంది. దాని కింద సంతకం నాది.

మోక్‌కు ఫోన్ చేశాను. తాడు లేకపోతే తాడు పండుగ ఏమిటండీ అన్నాను.

“డేటా మీదే కదా సార్,” అంది ఎంతో గౌరవంగా.

సాయంత్రం మామగారి పొలానికి వెళ్లాను. మూడు మళ్లలో పాత రకం వరి నాటాడు. దిగుబడి సగమే వస్తుంది, కానీ తాడుకు పొడుగు గడ్డి వస్తుంది. మోకాలి లోతు బురదలోంచి చెయ్యి ఊపి, “అల్లుడూ, వచ్చే ఏడు దేగు వాళ్లను ముందే పిలువు. ఆడవాళ్లు, సర్దుకోవడానికి వ్యవధి కావాలి,” అన్నాడు.

సరే మామయ్యా అన్నాను.

జూన్ 12

పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి ఆ ఫైలు తీశాను. ‘సున్నా’ను రెండు గీతలతో కొట్టేశాను. పక్కన నా చేత్తో రాశాను: ‘1,144 మంది వచ్చారు. నేనే పిలిచాను. ఎవరూ ఏమీ కొనలేదు. ఇదివరకు రాసింది అబద్ధం. తాడు లాగుడు కొనసాగాలి.’

సంతకం పెట్టాను. దాని కింద హోదా రాయాల్సిన చోట పాత హోదా రాసి, ఫైలు నమ్‌గుంగ్ టేబుల్ మీద పెట్టి, నా వస్తువులు పాత బల్ల దగ్గరికి మోసుకొచ్చాను.